పిల్లల బుక్ క్లబ్‌కి సైన్స్ ఫిక్షన్ నవల ఎలా ఎంచుకోవాలి? (8–12 ఏళ్ల తరగతులకు)

“తరగతిలో బుక్ క్లబ్ మొదలుపెడుతున్నాం. సైన్స్ ఫిక్షన్‌లో మంచి నవల ఒకటి చెప్పండి.” తోటి టీచర్లు నన్ను అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగేది ఇదే. పేరు చెప్పడం ఎంతసేపు? చెప్తాను. రెండు వారాలకి మళ్లీ ఫోన్ వస్తుంది: “సగం మంది నలభయ్యో పేజీ దాటలేదండీ.” పుస్తకం మంచిదే, పిల్లలూ మంచివాళ్లే, కానీ ఒకరికొకరు కుదరలేదు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా పేరు చెప్పడం మానేసి, ఎంచుకునే పద్ధతి చెప్తున్నాను.

నేనూ ఈ దెబ్బ తిన్నదాన్నే. మొదటి ఏడాది నాకు ప్రాణమైన పుస్తకం పెట్టాను: మేడలిన్ లెంగిల్ రాసిన ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’. 1962లో వచ్చింది, మరుసటి ఏడాది న్యూబెరీ మెడల్ (అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద అవార్డు) అందుకుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఐదో చాప్టర్‌లో కాలాన్నీ దూరాన్నీ మడతపెట్టి దాటే సంగతి వస్తుంది. నా పిల్లలు సరిగ్గా ఆ మడత దగ్గరే ఆగిపోయారు. వాళ్లను అక్కణ్నుంచి కదిలించడానికి నేను బోర్డు మీద గీసిన బొమ్మలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తప్పు పుస్తకానిది కాదు. నాకు నచ్చింది కదా, వాళ్లకీ నచ్చుతుందిలే అనుకున్నాను చూడండి, అదీ తప్పు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- పది పన్నెండు పుస్తకాల పేర్లున్న జాబితా. లైబ్రరీలో అడిగి తయారుచేసుకోండి. అవార్డు జాబితాలు చూడొచ్చు, కానీ వాటితోనే ఆగిపోవద్దు.
- వాటిలో మీకు నిజంగా ఆశ కలిగించిన ఐదారు పుస్తకాలు, ఒక్కో కాపీ, రెండు వారాల పాటు మీ చేతిలో.
- చిన్న కార్డులు, పెన్సిళ్లు, టైమ్ చూడ్డానికి ఒక ఫోన్.
- మీ క్యాలెండర్. పరీక్షలు, సెలవులు, వార్షికోత్సవం రిహార్సల్స్ అన్నీ గుర్తుపెట్టినది.
- తుది ఎంపికలో కనీసం ఒక పుస్తకాన్ని మీతోపాటు చదివే ఇంకో పెద్ద మనిషి. తోటి టీచరైనా సరే, పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరైనా సరే.

సైన్స్ డిగ్రీ అక్కర్లేదు. “నాకు ఫిజిక్స్ రాదండీ” అని వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు నడపబోయేది కథ గురించిన క్లబ్.

1. పుస్తకాల కంటే ముందు పిల్లల్ని అడగండి

“మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?” అని అడిగితే మీకు నచ్చే జవాబే చెప్తారు. దానికి బదులు కార్డు మీద మూడు ప్రశ్నలు ఇవ్వండి. పేరు రాయక్కర్లేదని ముందే చెప్పండి.

మొదటిది: చివరిదాకా చదివిన పుస్తకం ఏది? రెండోది: మధ్యలో వదిలేసిన పుస్తకం ఏది, ఎక్కడ వదిలేశావు? మూడోది: వీటిలో ఏది నిజమైతే నీకు భయం, ఏది నిజమైతే సరదా? ఇక్కడ ఐదు మాటలు రాసి పెట్టండి: మనిషిలా ఆలోచించే రోబో, ఇంకో గ్రహం మీద బతకడం, కాలంలో వెనక్కి వెళ్లడం, ఎవరో మనల్ని ఎప్పుడూ గమనిస్తూ ఉండటం, భూమి పాడైపోవడం.

అసలు బంగారం రెండో ప్రశ్నలో ఉంటుంది. “పేర్లు గుర్తుండలేదు”, “మొదట్లో ఏమీ జరగదు”, “బొమ్మలు లేవు”, “బాగుంది కానీ పోయింది” (ఇది నాకు ప్రతి ఏడాదీ ఒకరైనా రాస్తారు). ఈ కార్డుల్ని దగ్గర పెట్టుకోండి, జాబితాలో కోత పెట్టేటప్పుడు అక్కరకొస్తాయి.

2. లెక్క వేయండి: ఎన్ని పేజీలు, ఎన్ని వారాలు

దీన్ని దాటేయకండి, దయచేసి. బుక్ క్లబ్‌లు కథ బాగోలేక ఆగిపోవడం తక్కువ, టైమ్ చాలక ఆగిపోవడమే ఎక్కువ.

పిల్లలకు ఒక మామూలు కథల పుస్తకం ఇచ్చి పది నిమిషాలు మౌనంగా చదవమనండి. ఎవరెన్ని పేజీలు చదివారో రాసుకోండి. సగటు తీయకండి. తరగతిలో నిదానంగా చదివే మూడో వంతు పిల్లలున్నారు కదా, వాళ్ల వేగాన్ని తీసుకోండి. పది నిమిషాలకు ఐదు పేజీలు అనుకుందాం. రోజుకి 20 నిమిషాలిస్తే పది పేజీలు. వారానికి నాలుగు రోజులే చదువుతారనుకోండి (ఐదో రోజు మాట్లాడుకోవడానికి), 40 పేజీలు. నాలుగు వారాలకు 160. మీ చేతిలో ఉన్నది 270 పేజీల పుస్తకమైతే దాదాపు ఏడు వారాలు కావాలి. ఏడు వారాల పాటు ఒకే కథ మీద ఉత్సాహం నిలబెట్టడం పెద్దవాళ్లకే కష్టం. నా అనుభవంలో నాలుగు వారాలు బాగుంటుంది, ఆరు దాటితే నీరసం.

పేజీల సంఖ్యతోపాటు చాప్టర్లు ఎంత పొడుగున్నాయో కూడా చూడండి. ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’లో ఉన్నవి 12 చాప్టర్లే, ఒక్కోటీ పెద్దదే. పీటర్ బ్రౌన్ రాసిన ‘ది వైల్డ్ రోబోట్’ (2016) చూస్తే లావుగా ఉంటుంది, కానీ అందులో 80 చాప్టర్లు, చాలావాటికి రెండు మూడు పేజీలే, పైగా బొమ్మలు. ఎప్పుడూ పుస్తకం పూర్తి చేయని పిల్లవాడికి “ఇవాళ నాలుగు చాప్టర్లు చదివాను” అని చెప్పుకోవడంలో ఉన్న గర్వం, “సగం చాప్టర్ అయింది” అనడంలో ఉండదు.

హెచ్చరిక: వేగం కొలిచేది ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చడానికి కాదు. ఆ అంకెలు మీ నోట్‌బుక్ దాటి బయటికి రాకూడదు.

3. ఒక్క వాక్యంలో చెప్పి చూడండి

జాబితాలో ఉన్న ప్రతి పుస్తకాన్నీ ఇలా చెప్పడానికి ప్రయత్నించండి: “లోకంలో ఈ ఒక్కటీ మారింది. దానివల్ల ఫలానా పిల్లకో పిల్లాడికో ఈ ఇబ్బంది వచ్చింది.” రెండు సగాలూ ఉండాలి.

జీన్ డుప్రావ్ రాసిన ‘ద సిటీ ఆఫ్ ఎంబర్’ (2003) తీసుకోండి. ఊరు ఊరంతా ఒకే జనరేటర్ మీద బతుకుతోంది, చుట్టూ చీకటి తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఆ జనరేటర్ మొరాయిస్తోంది, బయటికి దారి చెప్పే కాగితాన్ని హీరోయిన్ చెల్లెలు నమిలేసింది. అయిపోయింది. ఈ ముక్క చెప్పగానే “నమిలేసిందా!” అని వెనక బెంచీ నుంచి అరుపు వస్తుంది.

చెప్పబోతే మీకే ఆయాసం వస్తోందా? “ఒక గెలాక్సీలో మూడు సామ్రాజ్యాలు, వాటి మధ్య ఒక ఒప్పందం...” అంటూ సాగుతోందా? దాన్ని పక్కన పెట్టండి. మొదటి సగమే ఉండి రెండోది లేకపోతే, అంటే లోకం అద్భుతంగా ఉన్నా అందులో పిల్లలకు పనేమీ లేకపోతే, దాన్నీ పక్కన పెట్టండి.

ఇక్కడ చిన్న తికమక ఒకటుంది. అట్ట మీద రాకెట్ ఉన్నంత మాత్రాన సైన్స్ ఫిక్షన్ కాదు. ఎరిన్ ఎంట్రాడా కెల్లీ రాసిన ‘వి డ్రీమ్ ఆఫ్ స్పేస్’ 1986 జనవరిలో జరిగిన ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదం చుట్టూ నడిచే కుటుంబ కథ. మంచి పుస్తకం, కానీ అందులో లోకం ఏమీ మారలేదు. దీనికి తలకిందులుగా, రెబెకా స్టెడ్ రాసిన ‘వెన్ యు రీచ్ మి’ 1979 నాటి న్యూయార్క్‌లో మామూలు స్కూలు కథలా మొదలవుతుంది. ఎవరో రాసి పెడుతున్న చీటీలు, ఒక మిస్టరీ. అది సైన్స్ ఫిక్షన్ అని తెలిసేసరికి పిల్లలు పీకల్లోతు దిగిపోయి ఉంటారు. “నాకు సైన్స్ ఫిక్షన్ నచ్చదు” అని భీష్మించుకున్నవాళ్లకి నేను ఇచ్చేది ఇదే.

ఈ దశ దాటేసరికి పది పన్నెండు కాస్తా ఐదో ఆరో మిగులుతాయి.

4. మీరు మూడు చోట్ల కోసి చూడండి

ఆరు పుస్తకాలూ మొత్తం చదివే టైమ్ మీకుండదని తెలుసు. మొదట మూడు చోట్ల చదవండి, తర్వాత మిగిలిన మూడు నాలుగింటిని మాత్రం పూర్తిగా చదవాల్సిందే.

మొదటి కోత: మొదటి 20 పేజీలు. పెన్సిల్ పట్టుకుని, రచయిత కల్పించిన ప్రతి కొత్త మాటకీ ఒక గీత పెట్టండి: గ్రహం పేరు, యంత్రం పేరు, పదవి పేరు, తెగ పేరు. మామూలు కష్టమైన మాటలు వేరు, ఇవి వేరు. కష్టమైన మాటకి డిక్షనరీ ఉంది, ‘కల్పిత మాట’కి కథే దిక్కు. 20 పేజీల్లో ఇలాంటివి పది పన్నెండు దాటితే బాగా చదివే పిల్లలు తప్ప మిగతావాళ్లు తప్పిపోతారు. ఆ మాటలు ఎలా వస్తున్నాయో కూడా చూడండి. ఒక పని జరుగుతుండగా వస్తే గుర్తుంటాయి. పేరా నిండా వివరణగా వస్తే గుర్తుండవు.

రెండో కోత: పుస్తకం సరిగ్గా మధ్యలో తెరిచి పది పేజీలు. ఇక్కడ ఎవరైనా ఏదైనా చేస్తున్నారా, లేక ఇద్దరు పెద్దవాళ్లు నిలబడి ఆ లోకం చరిత్ర చెప్పుకుంటున్నారా? పిల్లల సైన్స్ ఫిక్షన్ చల్లబడేది ఎక్కువగా మధ్యలోనే.

మూడో కోత: చివరి చాప్టర్. కథ ముగిసిందా, లేక “తర్వాతి భాగంలో” అని తలుపు మూసేసిందా? సిరీస్‌లో మొదటి పుస్తకం తీసుకోవడం తప్పేమీ కాదు, అది తనంతట తాను ఒక చోటికి చేరాలి, అంతే. లోయిస్ లౌరీ రాసిన ‘ద గివర్’ ముగింపు ఇదమిత్థంగా తేలదు, కానీ అది తెగని ముగింపు కాదు, తేల్చుకోమని చదివేవాళ్లకి వదిలిన ముగింపు. ఆ ఒక్క పేజీ మీద నా తరగతి ఒక పీరియడ్ అంతా కొట్లాడుకుంది. రెంటికీ తేడా చదివితేనే తెలుస్తుంది.

5. స్థాయి అంకెను నమ్మి మోసపోకండి

చాలా పుస్తకాలకు లెక్సైల్ అని ఒక అంకె ఉంటుంది. అది కొలిచేది వాక్యాల పొడవునీ, మాటలు ఎంత వాడుకలో ఉన్నాయన్నదాన్నీ. లోపల ఏం జరుగుతుందో దానికి తెలీదు. ‘ది వైల్డ్ రోబోట్’, ‘ద గివర్’, ఆర్సన్ స్కాట్ కార్డ్ రాసిన ‘ఎండర్స్ గేమ్’ మూడూ 740 నుంచి 780 మధ్యలోనే ఉంటాయి. అంకె చూస్తే ముగ్గురూ అన్నదమ్ముల్లా కనిపిస్తారు. మొదటిది ఎనిమిదేళ్ల పిల్లలకి కూడా ఇవ్వొచ్చు. రెండోది పన్నెండేళ్ల దరిదాపులకి. మూడోది 1985లో పెద్దల కోసం రాసిన నవల. అందులో హీరో చిన్నపిల్లాడే, కానీ పిల్లల మధ్య దెబ్బలాట ప్రాణాలు తీసేదాకా వెళ్తుంది.

అంకెను పట్టుకునే బదులు ఒక పేజీ పిల్లల చేత చదివించండి. తెలియని మాటకి ఒక వేలు మడవమనండి. ఐదు వేళ్లూ మడిస్తే ఆ పుస్తకం ఒంటరిగా చదవడానికి బరువు. అలాగని కొట్టిపారేయకండి, మీరు పైకి చదివి వినిపించే పుస్తకంగా అది పనికిరావచ్చు.

6. మనసుని కుదిపే చోట్లు ముందే తెలుసుకోండి

నిజం చెప్పాలంటే మంచి పిల్లల సైన్స్ ఫిక్షన్‌లో చావు తరచుగానే ఉంటుంది. ‘ది వైల్డ్ రోబోట్’ అట్ట చూసి ముద్దొచ్చే కథ అనుకుంటారు. అందులో రోబో కొండమీంచి జారి బాతుల గూటి మీద పడుతుంది, ఆ కుటుంబంలో ఒక్క గుడ్డే మిగులుతుంది. కథంతా అక్కణ్నుంచే పుడుతుంది కాబట్టి ఆ చోటుని దాటించలేం, దాచలేం.

‘ద గివర్’లో ‘విడుదల’ అనే మాట మొదటి పేజీల నుంచే మామూలుగా వినిపిస్తూ ఉంటుంది. దాని అసలు అర్థం చంపేయడం అని 19వ చాప్టర్‌లో, ఒక పసిబిడ్డ విషయంలో బయటపడుతుంది. ఈ చాప్టర్‌ని ఎప్పుడూ ఇంటికి పంపకండి. తరగతిలో, మీరు ఉండగా, శుక్రవారం కాని రోజు చదివించండి. శుక్రవారం చదివిస్తే రెండు రోజులు ఆ బరువు మోసుకుని తిరుగుతారు. నాకు ఒక తల్లి ఆదివారం రాత్రి ఫోన్ చేశాక తెలిసొచ్చింది ఇది.

పుస్తకం మొదలయ్యే ముందు ఇంటికి నాలుగు వాక్యాల చీటీ పంపండి: పుస్తకం పేరు, కథ ఏమిటి, ఏ విషయం బరువుగా ఉంటుంది, అభ్యంతరం ఉంటే వేరే పుస్తకం ఏది ఇస్తారు. ముందే చెప్తే సగం టెన్షన్ ఉండదు. ఇటీవల ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే వాళ్లతో విడిగా, ముందే మాట్లాడండి.

7. తరగతి రెండుగా చీలే ప్రశ్న ఉందా?

పుస్తకం పూర్తిగా చదివాక మీరే మూడు ప్రశ్నలు రాయండి. షరతు ఒక్కటే: వాటికి జవాబు పుస్తకంలో దొరక్కూడదు, కానీ వాదించడానికి కావాల్సిన సరుకు పుస్తకంలో ఉండాలి. “ఊరి పేరేంటి?” ప్రశ్న కాదు. “అందరూ సుఖంగా ఉండాలంటే ఎవరికీ ఏదీ ఎంచుకునే హక్కు ఉండకూడదు అంటే నువ్వు ఒప్పుకుంటావా?” అన్నది ప్రశ్న. మూడు రాయలేకపోతే ఆ పుస్తకం సెలవుల్లో చదువుకోవడానికి బాగుంటుంది, క్లబ్‌కి కాదు.

జంటగా పెడితే బ్రహ్మాండంగా పండేవి కొన్ని ఉన్నాయి. ‘ద గివర్’లోనూ ‘ద సిటీ ఆఫ్ ఎంబర్’లోనూ పన్నెండేళ్లకే పిల్లలకు పని అప్పజెప్తారు. మొదటి దాంట్లో పెద్దలు ఏళ్ల తరబడి గమనించి నిర్ణయిస్తారు. రెండో దాంట్లో సంచిలో చెయ్యి పెట్టి చీటీ తీయాలి, అదృష్టం ఎటుంటే అటు. ఒక గ్రూప్ ఇదీ, ఇంకో గ్రూప్ అదీ చదివాక కలిపి కూర్చోబెట్టి, “మీకైతే ఏ పద్ధతి కావాలి?” అని అడిగి మీరు నోరు మూసుకోండి. లాటరీయే న్యాయం అనేవాళ్లు నేననుకున్నదానికంటే ఎక్కువ ఉన్నారు. “పెద్దవాళ్లు గమనించి కూడా తప్పు చేస్తారు మేడమ్, చీటీ పొరపాటు చేస్తే కనీసం కోపం రాదు” అన్నాడొకడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

8. పిల్లల చేత రుచి చూపించండి

ఇప్పుడు మూడు నాలుగు పుస్తకాలు మిగిలాయి. తుది ఎంపిక పిల్లలది. ఒక పీరియడ్ చాలు. ఒక్కో బల్ల మీద ఒక్కో పుస్తకం పెట్టండి. గ్రూపులు బల్ల బల్లకీ తిరుగుతూ ఎనిమిది నిమిషాల చొప్పున మొదటి పేజీలు చదవాలి. కాపీలు తక్కువగా ఉంటే ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వింటారు. ప్రతి బల్ల దగ్గరా కార్డు మీద ఒక్క వాక్యం రాయాలి: “ఇప్పుడు నాకు తెలుసుకోవాలనున్నది...” ఆ వాక్యం ఖాళీగా ఉంటే మార్కులిచ్చినంత స్పష్టంగా జవాబు వచ్చినట్టే.

‘ఎంబర్’ బల్ల మీద నేను పుస్తకంతోపాటు ఇంకొకటి పెడతాను. నమిలేయగా మిగిలిన ఆ కాగితం అక్షరాల మధ్య ఖాళీలతో పుస్తకంలో అచ్చయి ఉంటుంది. దాన్ని అలాగే పెద్ద అక్షరాలతో రాసి ఉంచుతాను. మొదటిసారి పెట్టినప్పుడు నలుగురు పిల్లలు తలలు ఆనించి దాని మీదకి వంగారు. ఒకమ్మాయి ఖాళీల్లో పెన్సిల్‌తో అక్షరాలు పూరిస్తోంది, పక్కవాడు “అది కాదు, ఇక్కడ రెండక్షరాలకే చోటుంది” అని చెరిపేస్తున్నాడు. ఎనిమిది నిమిషాలయ్యాక గంట కొట్టాను. ఎవరూ లేవలేదు. ఆ ఏడాది ఏ పుస్తకం గెలిచిందో చెప్పక్కర్లేదనుకుంటా.

ఓట్లు చేతులెత్తించి తీయకండి. స్నేహితుడి చెయ్యి చూసి చెయ్యెత్తుతారు. కార్డు మీద 1, 2, 3 అని వరసగా రాయమనండి. గ్రూపులు మీరే వేయండి, నలుగురు లేదా ఐదుగురు చొప్పున. ప్రతి ఒక్కరికీ మొదటిదో రెండోదో దక్కాలి. ముగ్గురుంటే ఒకరు సెలవు పెట్టగానే క్లబ్ మూతపడుతుంది, ఆరుగురు దాటితే ఇద్దరు మౌనంగా కూర్చుంటారు.

9. మొదటి వారం చివర ఒకసారి ఆగి చూడండి

పిల్లలకు ముందే ఒక నియమం చెప్పండి: 40 పేజీలు చదివాక కూడా పట్టకపోతే మారొచ్చు. వింతేమిటంటే, ఈ తలుపు తెరిచి ఉందని తెలిస్తే బయటికి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. గ్రూప్‌లో ఒక్కరు అడిగితే వాళ్లని ఇంకో గ్రూప్‌కి పంపండి. సగం మంది అడిగితే పుస్తకాన్నే మార్చండి, మొహమాటపడకండి.

కాపీలు లేవు, టైమ్ లేదు అంటే?

నవల కుదరకపోతే కథతో మొదలుపెట్టండి. ఐజాక్ అసిమోవ్ 1951లో పిల్లల కోసం రాసిన ‘ది ఫన్ దే హ్యాడ్’ కొన్ని పేజీలే. 2157లో ఇంట్లోనే యంత్రం చేత పాఠాలు చెప్పించుకునే ఒక పాప, ఒకప్పుడు పిల్లలంతా కలిసి బడికి వెళ్లేవాళ్లని తెలిసి అసూయపడుతుంది. బడంటే విసుక్కునే తరగతిలో దీన్ని చదివి చూడండి.

కొంచెం పెద్ద పిల్లలకైతే రే బ్రాడ్‌బరీ 1954లో రాసిన ‘ఆల్ సమ్మర్ ఇన్ ఎ డే’. శుక్రగ్రహం మీద ఎడతెగని వాన, ఏడేళ్లకోసారి కాసేపు ఎండ, ఆ ఎండ వచ్చే రోజున తోటి పిల్లలు ఒకమ్మాయిని గదిలో పెట్టి తాళం వేస్తారు. “శుక్రుడి మీద వాన పడదు కదా మేడమ్” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అనాలి కూడా. నేల మీద 460 డిగ్రీల సెల్సియస్ పైన వేడి ఉంటుందని ఇప్పుడు మనకి తెలుసు. కథ రాసేనాటికి అక్కడ ఏ నౌకా దిగలేదు, 1970లో గాని సోవియట్ నౌక వెనెరా 7 దిగలేదు. సైన్స్ తప్పని తేలాక కూడా కథ ఎందుకు గుచ్చుకుంటోందో అడగండి. సైన్స్ సరిగా లేదని పాత పుస్తకాలను తీసేయాల్సిన పని లేదు, ఆ తప్పే ఒక రోజు చర్చకి సరిపోతుంది.

చిన్న నవలే కావాలంటే జిల్ పేటన్ వాల్ష్ రాసిన ‘ది గ్రీన్ బుక్’ (1981) ఉంది. చనిపోతున్న భూమిని వదిలి వెళ్లే ప్రతి మనిషీ ఒక్క పుస్తకమే వెంట తీసుకెళ్లాలి. మొదటి రోజు చదవకముందే “నువ్వైతే ఏది తీసుకెళ్తావు?” అని అడగండి, క్లబ్ దానంతటది నడుస్తుంది.

ఒకే గ్రూప్‌లో చదివే వేగాలు బాగా తేడాగా ఉంటే కొందరికి ఆడియో ఇవ్వండి, వింటూ పేజీ మీద వేలు పెట్టి సాగుతారు. గ్రాఫిక్ నవల రూపం కూడా చదవడమే. ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’కీ ‘ద గివర్’కీ అవి ఉన్నాయి. నా తరగతిని ఆపేసిన ఆ ఐదో చాప్టర్‌ని బొమ్మల్లో చూపిస్తే పిల్లలు ఇట్టే దాటేశారు. నేను బోర్డు మీద పడ్డ పాట్లన్నీ వృథా.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

*కథలోంచి పాఠం పిండటం.* సౌర కుటుంబం పాఠం వస్తోంది కదా అని గ్రహాల నవల పెడతారు. ప్రతి చాప్టర్ చివర గ్రహాల మీద ప్రశ్నలు. పిల్లలు రెండో రోజే పసిగడతారు, ఇది కూడా టెక్స్ట్‌బుక్కే అని.

*సంక్షిప్త క్లాసిక్ ఇవ్వడం.* జూల్స్ వెర్న్ 1864లో రాసిన భూగర్భ ప్రయాణాన్ని 60 పేజీలకి కుదిస్తే “దిగారు, చూశారు, పైకొచ్చారు” మాత్రమే మిగులుతుంది. అసలు పుస్తకంలోంచి ఒక్క చాప్టర్ మీరు బాగా చదివి వినిపించడం దానికంటే మేలు.

*ఇది మగపిల్లల పుస్తకం, అది ఆడపిల్లలది అని మనమే పంచడం.* రోబో కథకి ఏడ్చిన మగపిల్లల్ని నేను లెక్కపెట్టడం మానేశాను.

*సినిమాని మర్చిపోవడం.* ‘ద సిటీ ఆఫ్ ఎంబర్’ 2008లో, ‘ద గివర్’ 2014లో, ‘ది వైల్డ్ రోబోట్’ 2024లో సినిమాలుగా వచ్చాయి. చూసినవాళ్లు ఉంటారు, ఆపలేం. “సినిమాలో మార్చినవి పట్టుకోవడం నీ పని” అని వాళ్లకి అప్పజెప్పండి. ‘గివర్’ సినిమాలో హీరో పన్నెండేళ్ల వాడు కాదు, బాగా పెద్దవాడు. ఎందుకు మార్చారన్న ప్రశ్న మీదే అరగంట గడుస్తుంది.

*పాత్రల పట్టిక.* ఒకరు ప్రశ్నలు అడిగేవాళ్లు, ఒకరు మాటలు వెతికేవాళ్లు, ఒకరు బొమ్మ గీసేవాళ్లు అని పనులు పంచడం మొదటి వారానికి ఆసరా. నాలుగో వారంలో కూడా అదే నడిస్తే పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, కాగితం చూసి అప్పజెప్తారు.

సరైన పుస్తకమేనా? ఇలా చూసుకోండి

“బాగుందా?” అని అడగొద్దు, బాగుందనే అంటారు. ఇవి చూడండి.

బుక్‌మార్కులు. రెండో వారం మధ్యలో, పిల్లలు ఆటలకి వెళ్లినప్పుడు బల్లల మీది పుస్తకాలు ఒకసారి చూసి రండి. ఐదుగురి గ్రూప్‌లో నలుగురి బుక్‌మార్క్ మీరు చెప్పిన పేజీ దగ్గరో దాన్ని దాటో ఉంటే నిశ్చింతగా ఉండండి. ముందుకి వెళ్లిపోయినవాళ్లని తిట్టకండి, “బయటపెట్టకు” అని మాత్రం చెప్పండి. ఇద్దరి కంటే ఎక్కువమంది వెనకబడితే ఆ వారం ఒక చాప్టర్ మీరే పైకి చదవండి.

మాటలు. చర్చలో మీ గొంతు ఎంతసేపు వినిపించిందో ఫోన్‌లో రికార్డు చేసుకుని మీకోసం మాత్రమే వినండి, తర్వాత తీసేయండి. 20 నిమిషాల్లో మీవి ఐదు నిమిషాలు దాటాయంటే మీరు రాసుకున్న ప్రశ్నలు చీల్చే ప్రశ్నలు కావు. మళ్లీ రాయండి.

ఊహలు. “తర్వాత ఏమవుతుంది?” అని కార్డు మీద రాయిస్తే ఐదుగురూ ఒకటే రాశారా? కథ మరీ తేలిక. ఎవరూ ఏమీ రాయలేదా? లోకం అర్థం కాలేదు, వెనక్కి వెళ్లి ఆ లోకంలో మారిన ఆ ఒక్క విషయాన్ని మళ్లీ మాట్లాడండి.

పుస్తకం అయ్యాక, మూడో మెట్టులో మీరు చెప్పిన ఒక్క వాక్యాన్ని ఈసారి పిల్లల్ని చెప్పమనండి. మీ వాక్యంలా ఉండక్కర్లేదు. ఎంబర్ కథని ఒకమ్మాయి ఇలా చెప్పింది: “పెద్దవాళ్లకి తెలుసు, చెప్పలేదు, అందుకని పిల్లలు వెతుక్కున్నారు.” నా వాక్యంలోని జనరేటర్ ఆమెకి గుర్తే లేదు.

చివరగా, సిరీస్‌లో తర్వాతి పుస్తకం లైబ్రరీలో ఎవరైనా అడిగారా అని ఒక నెల ఆగి కనుక్కోండి. పుస్తకానికో కార్డు పెట్టి పేజీలు, పట్టిన వారాలు, ఆగిపోయిన చోటు, పండిన ప్రశ్న, అభ్యంతరం వచ్చిన చాప్టర్ రాసి దాచండి. వచ్చే ఏడాది పది పన్నెండు పేర్ల జాబితా ఆ కార్డుల దగ్గరే మొదలవుతుంది.